సాంబ్రాణి పొగ, దుప్పటి డాలీ, జీరో బల్బు

శుక్రవారం సాయంత్రం. కిరాణా కొట్లోకి ధూపం వేసే సాయిబు వచ్చాడు. గల్లాపెట్టె మీదుగా నెమలీకల కట్టతో సాంబ్రాణి పొగ విసిరి, చేతిలో పడ్డ చిల్లర జేబులో వేసుకుని పక్క కొట్టుకు వెళ్ళిపోయాడు. లోపలి ట్యూబులైటు వెలుతురు ఆ పొగలో కాసేపు గీతలు గీతలుగా నిలబడింది. ఆ వాసనకు ఎవరికైనా పూజగది గుర్తొస్తుంది. ఒకప్పుడు సెలవులన్నీ దయ్యాల షార్ట్ ఫిల్ములకు ధారపోసిన మాలాంటి వాళ్ళకు మాత్రం "పొగ పోతోంది, కానీండ్రా" అనే కేక గుర్తొస్తుంది.

కుంపటి

పొగ యంత్రం అద్దెకు తెచ్చే స్తోమత ఎవరికుంది? అమ్మమ్మల నాటి కుంపటి, బొగ్గులు, కొబ్బరిపీచు, గుప్పెడు సాంబ్రాణి. అంతే సరంజామా. బొగ్గు నిప్పు బాగా ఎర్రబడ్డాకే సాంబ్రాణి చల్లాలి. తొందరపడి పీచు ఎక్కువేస్తే భగ్గుమని మంట లేస్తుంది, పొగ రాదు. కిటికీలు మూసి, ఫ్యాను ఆపి, ఒకడు కుంపటి పట్టుకుని మూలమూలకూ తిరిగేవాడు. ఇంకొకడు వెనకాలే అట్టముక్కతో విసిరేవాడు. తర్వాత రెండు నిమిషాలు ఎవరూ కదలకూడదు. పొగ గదంతా సమంగా పరుచుకోకముందే తీస్తే తెర మీద మబ్బు ముక్కలు తేలుతూ, పక్కింట్లో పొయ్యి రాజేసినట్టు ఉంటుంది.

దీపం ఎక్కడ పెట్టాలన్నది మొదటి ఫిల్ము మొత్తం తగలేశాక తెలిసింది. కెమెరా పక్కనుంచి వెలుతురు వేస్తే పొగ తెల్లగోడలా అడ్డం పడుతుంది. మనిషి వెనకనుంచి, కొంచెం ఎత్తునుంచి వేస్తే అదే పొగ కిరణాలుగా విడిపోయి మనిషి అంచులు మెరుస్తాయి. ఇంకో చిక్కుంది. పొగ నిమిషానికో తీరుగా పలచబడుతుంది. ఒకే సీనులో ఒక షాటులో పొగమంచు, మరుసటి షాటులో కడిగిన అద్దంలాంటి గాలి. అందుకని వరస మార్చుకున్నాం. పొగ దట్టంగా ఉండగానే గది మొత్తం కనిపించే షాట్లు తీసేయడం, అది పలచబడ్డాక ముఖాలు తీయడం. ముఖం దగ్గరికి వెళ్ళాక వెనకాల పొగ ఎంతుందో ఎవరూ పట్టించుకోరు.

మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని గంటలు గంటలు ఎలా కూర్చున్నామో ఇప్పుడు తలచుకుంటే గుండె గుభేలుమంటుంది. తలనొప్పి, వికారం వస్తే సాంబ్రాణి పడలేదనుకునేవాళ్ళం. అది కార్బన్ మోనాక్సైడు పని. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. ఎవరైనా ఇప్పుడు ఆ పని చేస్తుంటే షాటు షాటుకూ తలుపులు బార్లా తెరవండి. పొగ మళ్ళీ వేసుకోవచ్చు.

ఆకుపచ్చ దయ్యం

మొదట్లో కెమెరా అంటే పెళ్ళి వీడియో తీసే అన్న దగ్గర బతిమాలి తెచ్చిన హ్యాండీక్యామ్. మినీ డీవీ క్యాసెట్టు, 60 నిమిషాలు. కంప్యూటరులోకి ఎక్కించాలంటే ఫైర్‌వైర్ తీగ తగిలించి క్యాసెట్టు మొత్తం ఆడించాలి. గంట సేపు తీసింది గంట సేపు ఎక్కుతుంది, 13 జీబీ తింటుంది. అప్పటి హార్డ్ డిస్కులో 13 జీబీ ఖాళీ చెయ్యడమంటే ఇంట్లో వాళ్ళ పెళ్ళి వీడియో తుడిచెయ్యాలా వద్దా అన్న ధర్మసందేహం.

సోనీ వాటిలో నైట్‌షాట్ అని ఒక మీట ఉండేది. నొక్కితే చీకట్లో కూడా ఆకుపచ్చగా కనిపించేది. కెమెరా ముందునుంచి కంటికి కనబడని ఇన్‌ఫ్రారెడ్ కాంతి పడి, తిరిగొచ్చింది రికార్డయ్యేది. ఆ కాంతి పోయేది పదడుగులు, ఆ పైన నలుపే. కంటిపాపలు చీకట్లో విచ్చుకుని పిల్లికళ్ళలా మెరిసేవి. ఖర్చు లేకుండా సగం దయ్యం అక్కడే వచ్చేసేది. కానీ రంగుల లెక్క తారుమారు. నల్ల సింథటిక్ చీర కట్టిన మనిషి తెరమీద బూడిదరంగులోనో తెల్లగానో కనబడేది, ఎందుకంటే ఆ రంగుల్లో చాలావాటికి ఇన్‌ఫ్రారెడ్‌ను పీల్చుకునే గుణం లేదు. రక్తం మరీ ఘోరం. గంటసేపు కష్టపడి చేసిన ఎర్రరంగు నైట్‌షాట్‌లో మాయమైపోయి, హీరో ముఖానికి నూనె రాసుకున్నట్టు ఉండేది. దాంతో నైట్‌షాట్ ఫిల్ములో రక్తం పెట్టకూడదని నియమం చేసుకున్నాం. దయ్యం కనిపించాలా, నెత్తురు కనిపించాలా, ఏదో ఒకటి తేల్చుకోవాలి.

కెనాన్ వచ్చాక

2008లో 5డీ మార్క్ 2 వచ్చింది, 2010లో 550డీ వచ్చింది. రెండూ వీడియో కూడా తీసే ఫోటో కెమెరాలు, డీఎస్సెల్లార్‌లు. మొదటిది మాకు ఫోటోల్లోనే పరిచయం. రెండోది నలుగురైదుగురు కలిసి చందాలేసుకుంటే రోజు అద్దెకు దొరికేది. దాంతోపాటు 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్సు, అంటే బాగా తెరుచుకుని వెలుతురు ఎక్కువగా లోపలికి రానిచ్చేది. ప్లాస్టిక్ ఒళ్ళు, ఫోకస్ తిప్పితే గరగర. అయినా జీరో బల్బు వెలుతురులో ముఖం చూపించగలిగింది అదొక్కటే.

ఆ జీరో బల్బు గురించి ఒక మాట. పేరుకే జీరో, తినేది 15 వాట్ల దాకా. ఎఫ్ 1.8, ఐఎస్ఓ (కెమెరా వెలుతురును పట్టే చురుకు) 1600 పెట్టి, బల్బును మనిషికి రెండు మూడు అడుగుల దూరంలో వేలాడదీస్తే సరిపోయేది. కానీ ఎఫ్ 1.8లో తీస్తే ఆరున్నర అడుగుల దూరంలో ఉన్న ముఖానికి ఫోకస్ నిలిచేది ముందూ వెనకా కలిపి నాలుగంగుళాలే. నటుడు ఊపిరి గట్టిగా పీలిస్తే కళ్ళు మసకబారేవి. వీడియో నడుస్తుండగా మనిషి వెంట పోయే ఆటోఫోకస్ ఆ కెమెరాలో లేదు. నేలమీద సుద్దముక్కతో గీత గీసి "ఇక్కడే ఆగు" అనేవాళ్ళం. చీకట్లో గీత కనిపించక దయ్యం ఎక్కడో ఆగేది. చివరికి గీత బదులు నేలమీద తాడుముక్క పరిచాం. దయ్యం ఉత్తికాళ్ళతో నడుస్తుంది కదా, బొటనవేలికి తాడు తగలగానే ఆగిపోతుంది.

ట్యూబులైటు కింద తీస్తే తెరమీద నల్లటి పట్టీలు పైనుంచి కిందికి పాకేవి. కొందరు అదేదో ఎఫెక్టు అనుకుని అలాగే వదిలేశారు కూడా. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టరు, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయం, సెకనులో 1/60 వంతు పెడితే ఆ లయ తప్పుతుంది. 25 ఫ్రేములు, 1/50 షట్టరు పెట్టుకుంటే పట్టీలు పోతాయి. ఈ రెండంకెలు గోడమీద రాసుకున్న రూములు కృష్ణానగర్‌లో ఎన్నో.

ఒక ఫైలు 4 జీబీ దాటగానే కెమెరా ఆగిపోయేది. అంటే సుమారు 12 నిమిషాలు. మే నెలలో అయితే అంతకుముందే వేడెక్కిందని థర్మామీటరు బొమ్మ వెలిగేది. బ్యాటరీ తీసి, కెమెరాను టేబుల్ ఫ్యాను ముందు పెట్టి, అందరం ఎదురుగా కూర్చుని చూస్తుండేవాళ్ళం, ఐసీయూ బయట చుట్టాల్లాగా.

చీకటికి కరెంటు బిల్లు

కొత్తగా వచ్చిన ప్రతివాడూ చేసే తప్పు ఒకటే. దయ్యం సినిమా కదా అని లైట్లార్పి తీస్తాడు. కెమెరాకు చీకటి కనబడదు, గరగరలాడే నలుసులు కనబడతాయి. తెరమీద చీకటి కావాలంటే గదిలో దీపాలు ఉండాలి. వెనకాల ఒక అంచు మెరవాలి, ఏదో మూల ఒక చెంబో గడియారమో వెలగాలి. కన్ను దాన్ని పట్టుకుని, మిగతా నలుపును నలుపని నమ్ముతుంది.

పెళ్ళి వీడియోల హాలోజన్ 1000 వాట్లు. 230 వోల్టుల మీద నాలుగు ఆంపియర్లు దాటుతుంది. ఊళ్ళో పాత ఇంటి 5 ఆంపియర్ల ప్లగ్గులో అది ఒక్కటీ పెడితే ఎలాగో లాగేది. రెండోది పెట్టగానే టప్పుమని ఫీజు ఎగిరిపోయేది. వీధి మొత్తం పోయిందా, మన ఇంటికేనా అని ముందు బయటికి తొంగిచూడటం, తర్వాత పింగాణీ కట్టలో కొత్త ఫీజు తీగ చుట్టడం. లైట్లను ఫ్రిజ్ ప్లగ్గులోంచో గీజర్ ప్లగ్గులోంచో లాగాలని తెలిశాక ఆ బాధ తప్పింది. హాలోజన్ బల్బును ఉత్తిచేతులతో ముట్టుకోకూడదు. వేలి జిడ్డు అంటిన చోట వేడి ఎక్కువై పగులుతుంది. కాగితంతో పట్టుకోవాలి.

వెన్నెల కోసం ఫ్యాన్సీ కొట్లో నీలం జిలటిన్ కాగితం. దాన్ని బల్బు మీదే చుట్టిన మహానుభావులున్నారు. నిమిషంలో ముడుచుకుపోయి, గదంతా కాలిన ప్లాస్టిక్ కంపు. అడుగు దూరంలో, బట్టల క్లిప్పులతో బిగించాలి, అది కూడా రెండు పొరలు. అసలైన చవక వెన్నెల వేరే ఉంది. సూర్యుడు కుంగాక ఇరవై నిమిషాలు ఆరుబయట ఉండే వెలుతురులో కెమెరా వైట్ బ్యాలెన్సును (ఏ వెలుతురును తెల్లగా చూడాలో చెప్పే మీటను) బల్బు గుర్తుకు మార్చండి. లోకమంతా నీలమైపోతుంది, పైసా ఖర్చు లేదు. ఆ ఇరవై నిమిషాల్లో రెండు షాట్లు, మహా అయితే మూడు. అనంతగిరి అడవిలో ఆ వెలుతురు కోసం మధ్యాహ్నం నుంచి రిహార్సల్సు చేసుకుని, తీరా సమయానికి ఎవడో చెట్టు చాటుకు వెళ్ళి రాకపోతే, మిగతావాళ్ళ తిట్లు కొండ దిగేదాకా ఆగేవి కావు.

ఇంత చేసి యూట్యూబులో పెడితే చీకటి గోడ నలుచదరపు గళ్ళుగా విరిగిపోయేది. ఫైలు కుదించేటప్పుడు నలుపులోని తేడాలే ముందు పోతాయి. కాస్త వెలుతురుగా తీసి ఎడిటింగులో కిందికి దించితే, పైన సన్నటి గ్రెయిన్ (ఇసుకలాంటి నలుసులు) చల్లితే కొంత నిలబడేది. అప్పటికీ పగటిపూట బస్సులో ఫోన్లో చూసేవాడికి నల్ల తెరమీద వాడి ముఖమే కనిపించేది. అదీ ఒక హారరే అనుకోండి. వీడియో 10 నిమిషాలు దాటితే యూట్యూబు ఒప్పుకోని రోజులవి. 2010లో దాన్ని 15 చేశారు. చాలా కథల్లో ఫ్లాష్‌బ్యాక్ అప్పటినుంచే మొదలైంది, కథలు మాత్రం బాగుపడలేదు.

రక్తం

మొదటి రక్తం అమ్మల చేతి రక్తం. దిష్టి తీసే ఎర్రనీళ్ళు, అంటే పసుపులో సున్నం. రంగు అద్భుతం, చిక్కదనం సున్నా. చెంప మీద ఆగదు, జారిపోతుంది. ఆరేకొద్దీ సున్నం ఘాటు గాలికి తగ్గి అంచుల్లో పసుపు తేలుతుంది. శవం పంచె మీద రక్తపు మరకకు పసుపు అంచు వచ్చి పెళ్ళికొడుకు పంచెలా తయారయ్యేది. ఉతికినప్పుడు సబ్బు తగలగానే మళ్ళీ ఎర్రబడి భయపెట్టేది. ఎండలో రెండు రోజులు ఆరేస్తేనే వదిలేది.

తర్వాత స్థిరపడిన కొలత ఇది. గ్లాసు చక్కెర, అర గ్లాసు నీళ్ళు, తీగపాకం రాకముందే దించాలి. చెంచా మొక్కజొన్న పిండి చల్లనీళ్ళలో కలిపి పోసి, మళ్ళీ ఒక్క పొంగు. పావు చెంచా ఎర్ర ఫుడ్ కలర్, అర చెంచా ఇన్‌స్టంట్ కాఫీ పొడి, నీలం రంగు ఒకే ఒక్క చుక్క. వట్టి ఎర్రరంగు తెరమీద రోజ్ మిల్క్‌లా ఉంటుంది. కాఫీ, నీలం పడితేనే నెత్తురు కళ వస్తుంది. నీలం రెండు చుక్కలు పడిందా, నేరేడుపండు రసం. పూర్తిగా చల్లారాకే వాడాలి, లోపల వేడి దాగుంటుంది.

చేసినవాళ్ళెవరూ ముందుగా చెప్పని సంగతి చీమలు. అరగంటలో బారులు కడతాయి. శవంగా పడుకున్నవాడు చెవి దగ్గర చీమ కుట్టినా కదలకుండా ఉండాలి. పడుకునే చోటు చుట్టూ చీమలమందు గీత గీసి తీసిన షాట్లున్నాయి, పైనుంచి చూస్తే క్షుద్రపూజ ముగ్గులా ఉండేది. దాన్నే పూజ ముగ్గుగా వాడేసుకున్నాం. సున్నం గోడకు మాత్రం ఈ రంగు అంటనివ్వకండి. గోడ పీల్చేసుకుంటుంది, మీద రెండు పూతలు వేసినా గులాబీ మచ్చ పైకి తేలుతుంది. ఇల్లిచ్చిన పెద్దాయన ఆ మచ్చ మీద దేవుడి క్యాలెండరు తగిలించుకున్నాడు.

తెల్లచీర, దండ వేసిన ఫోటో

దయ్యానికి ఆడపిల్ల దొరకడం కష్టం. దొరికినా తెల్లచీర, బొట్టు లేని ముఖం అనగానే ఇంట్లో పెద్దవాళ్ళు ససేమిరా అనేవారు. వాళ్ళ బాధ వాళ్ళది. అందుకే ఆ కాలపు షార్ట్ ఫిల్ముల్లో దయ్యాలు చాలావరకు మగపిల్లలే. విగ్గు ముఖం మీదికి లాగితే మీసం కనబడదు. కానీ మణికట్టు చూస్తే ఇట్టే తెలిసిపోతుంది. ముఖానికి టాల్కం పౌడరు, కళ్ళ కింద కాటుకను వేలితో పులమడం. ఫ్యాను లేని గదిలో పావుగంటకు నుదుటి మీద చెమట చారలు పడేవి. ముందు ఐసు రుద్ది, తుడిచి, తర్వాత పౌడరు అద్దితే కాసేపు ఆగేది. కాలిన చర్మానికి టిష్యూ కాగితం, ఫెవికాల్. కింద కొబ్బరినూనె రాయకపోతే పీకేటప్పుడు వెంట్రుకలతో సహా ఊడొస్తుంది. అప్పుడు వచ్చే అరుపు ఒకటి రికార్డు చేసి రెండు ఫిల్ముల్లో వాడాం.

గోడమీద దండ వేసిన ఫోటోకు ఎవరూ తమ ఫోటో ఇవ్వరు. ఇద్దరి ముఖాలు ఫోటోషాపులో కలిపి, ఎవరికీ చెందని మూడో ముఖం చేసేవాళ్ళం. చూసినవాళ్ళంతా "ఈయన్ని ఎక్కడో చూశాం" అనేవారు. చచ్చిపోయే షాటు తీశాక అదే మనిషి లేచి కెమెరా వైపు నవ్వుతూ ఒక షాటు ఇవ్వాలి. సినిమా లైట్‌బాయ్‌గా పనిచేసిన ఒకాయన నేర్పిన పద్ధతి. దయ్యాలను నమ్మనివాళ్ళు కూడా ఆ షాటు ఎగ్గొట్టలేదు.

పలక, దుప్పటి

1981 నాటి 'ఈవిల్ డెడ్'లో కెమెరాను చెక్కపలక మధ్యలో బిగించి, ఇద్దరు చెరో చివర పట్టుకుని అడవిలో పరిగెత్తారని తెలిశాక, ఆ వేసవిలో అటకమీద పలక మిగల్లేదు. అందరూ బోల్టు దగ్గరే బోల్తాపడేవారు. కెమెరా అడుగున మర పావంగుళానిది. హార్డ్‌వేర్ కొట్టువాడు చేతికందిన ఆరు మిల్లీమీటర్ల బోల్టు ఇస్తాడు. అది ఎక్కినట్టే ఎక్కి పట్టదు, గట్టిగా తిప్పితే మర అరిగిపోతుంది. అద్దె కెమెరా అయితే డిపాజిట్టుకు నీళ్ళొదులుకోవడమే. తీరా పరిగెత్తి తీస్తే డీఎస్సెల్లార్‌లో చెట్లన్నీ జున్నులా వణికేవి. ఫిల్ము కెమెరాకు నప్పిన ఉపాయం దీనికి నప్పలేదు. వరస వరసగా చదివే సెన్సరు కుదుపును తట్టుకోదు.

దాని బదులు దుప్పటే మా డాలీ, అంటే కెమెరాను జరిపే బండి. నున్నటి గచ్చు మీద దుప్పటి పరిచి, కెమెరా పట్టినవాణ్ణి కూర్చోబెట్టి, ఇద్దరు మెల్లగా లాగడం. షాబాదు బండలైతే ప్రతి అతుకు దగ్గరా టక్కున ఎగురుతుంది. గచ్చు, మార్బులు అయితే వెన్నలా సాగుతుంది. మోకాలి ఎత్తు నుంచి నడవాలోకి జారుతూ పోయే ఆ షాటుకున్న భయం తర్వాత కుదుపు ఆపే ఖరీదైన గింబల్స్‌తో తీసినవాటిలో రాలేదు. ఇది మా తరం పక్షపాతమే అనుకోండి.

నిశ్శబ్దం ముప్ఫై సెకన్లు

బొమ్మ ఎలా ఉన్నా చూసేవాళ్ళు సర్దుకుంటారు. శబ్దం పాడైతే లేచిపోతారు. 550డీలో మైకు లెవలు మన చేతిలో ఉండేది కాదు. నిశ్శబ్దంగా ఉన్నప్పుడు అదే లెవలు పెంచుకుని బుస్సుమని పాములా కొట్టేది, కేక పెట్టగానే భయపడి తగ్గించుకునేది. అందుకని జూమ్ హెచ్1 రికార్డరు, అది లేనప్పుడు చొక్కా జేబులో ఫోను. షాటు మొదట్లో గట్టిగా ఒక చప్పట్లు. ఎడిటింగులో రెండు చప్పట్లూ కలిపితే మాట పెదవికి అతుకుతుంది.

శబ్దాలన్నీ వంటింట్లో దొరికేవి. ఎముక విరగాలంటే ములక్కాడ. గట్టి ఎముకైతే తడిగుడ్డలో చుట్టిన క్యారెట్టు. కత్తి దిగాలంటే క్యాబేజీ. గుండెచప్పుడుకు దిండు మీద పిడికిలి. తలుపు కిర్రుమనడానికి మాత్రం దొంగదారి లేదు. నూనె ఎరగని బందులున్న పాత తలుపు వెతుక్కుని, రాత్రి రెండు మూడు మధ్య, వీధికుక్కలు అలిసి పడుకున్నాక, వీలైనంత మెల్లగా తెరవాలి. వేగంగా తెరిస్తే కీచుమంటుంది. మెల్లగా తెరిస్తే టిక్కు టిక్కుమని విడివిడిగా పలుకుతుంది. రెండోదే కావాలి. ధనుర్మాసంలో అయితే ఇంకా తొందరపడాలి, తెల్లారకముందే గుడి మైకు మొదలవుతుంది.

గజ్జెల శబ్దం అందరూ వాడారు. ఎక్కడ ఆపాలో కొందరికే తెలుసు. నాలుగడుగులు వినిపించి, అయిదోది రావాల్సిన చోట రాకూడదు. అక్కడ సంగీతం కూడా ఉండకూడదు. ఒకటిన్నర సెకను చాలు. రెండు దాటితే కుర్చీలో వెనక్కి ఆనుకుంటారు.

షూటింగు మొదలయ్యే ముందు ఫ్రిజ్ ఆపడం ఒక విధి. మళ్ళీ వెయ్యడం మర్చిపోతే పాలు, పెరుగు, ఇల్లుగలవాళ్ళ మర్యాద అన్నీ పోతాయి. అందుకే బండి తాళాలు ఫ్రిజ్‌లో పెట్టేవాళ్ళం. తాళాలు లేకుండా ఎవడూ ఇంటికి పోలేడు.

ప్రతి గదిలోనూ, అన్నీ అయిపోయాక, అందరూ ఎక్కడివాళ్ళక్కడ నిలబడి ముప్ఫై సెకన్లు ఖాళీ నిశ్శబ్దం రికార్డు చేసేవాళ్ళం. మాటల మధ్య అతుకులు పూడ్చడానికి. ఒక్కో గది నిశ్శబ్దం ఒక్కో రకం, ఒకదానిది ఇంకోదానికి అతకదు. ఫిల్ములు చాలావరకు పాత డిస్కులతోపాటే పోయాయి. ఈ ఫైళ్ళు మాత్రం చిన్నవి కాబట్టి ఎక్కడెక్కడికో కాపీ అయి మిగిలాయి. ఒకదాని పేరు "పెంకుటిల్లు సైలెన్స్ 2". ఆ ఇల్లు పడగొట్టి అపార్టుమెంటు కట్టారు. చెవుల్లో పెట్టుకుని వింటే ముందు ఏమీ ఉండదు. తర్వాత దూరంగా బోరు మోటారు. పద్నాలుగో సెకనులో చూరులో బల్లి పలుకుతుంది. వెంటనే ఎవరో అలవాటుగా నోటిలోనే "సత్యం" అంటారు. ఇంకెవరో నవ్వు ఆపుకోలేక ముక్కుతో బుస్సుమంటారు. తర్వాత ఒక గొంతు, కోపంగా, "మళ్ళీ మొదట్నుంచి".